మొదటి టేకు వదిలేసే అలవాటు

మా స్టూడియోలో మొదటి టేకును ఎవరూ లెక్కలోకి తీసుకోరు. చదివేది ఎవరైనా సరే, తొలిసారి చదివింది పక్కన పడేసి రెండోదో మూడోదో ఉంచుకుంటాం. గొంతు ఇంకా లేవలేదనో, కాగితం మీద కళ్లు కుదురుకోలేదనో చదివేవాళ్లే ముందుగా నవ్వి, "ఇది ఊరికే" అనేస్తారు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు. నేను చేరేటప్పటికే ఉంది. ఎందుకని అడగాలని నాకెప్పుడూ తోచలేదు. ఒక మనిషికి వచ్చిన జబ్బు నెలల తరబడి మా కళ్ల ముందే తిరుగుతూ ఈ అలవాటు చాటున దాక్కుందని తరవాత తెలిసింది.

మాది మాదాపూర్‌లో చిన్న కంపెనీ. పెద్ద అద్దాల భవనాల వెనక సందులో, కింద బిర్యానీ హోటలు, పైన మేము. నర్సింగు చదివే పిల్లల కోసం శరీరం లోపల జరిగేవన్నీ బొమ్మల్లో కదిలించి చూపిస్తాం. బొమ్మలు వేసేవాళ్లు వేరే. తెలుగులో మాటలు రాసేది నేను. రాసింది చదివించి, బొమ్మకూ మాటకూ పొత్తు కుదిర్చేదీ నేనే. కడప వైపు నుంచి వచ్చి ఈ ఊళ్లో స్థిరపడ్డాను, ఖాజాగూడలో ఉంటాను. నాకు కోపం కాస్త తొందర. రాసిన మాట ఎవరైనా మారిస్తే ముక్కు మీదికొచ్చేస్తుంది. ఆ కోపాన్ని పూచికపుల్లలా తీసిపారేసే మనిషి మా ఆఫీసులో ఒక్కరే. మా పాఠాలన్నీ చదివే టీచర్ గారు.

ఆవిడది గోదావరి జిల్లా. అక్కడ హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. భర్త ప్రభుత్వోద్యోగం నుంచి రిటైరయ్యాక ఇద్దరూ లింగంపల్లిలో ఫ్లాటు తీసుకుని ఇటు వచ్చేశారు. ఇంట్లో తోచక, మా ప్రకటన చూసి గొంతు వినిపించడానికి వచ్చారు. అప్పటి నుంచీ మా పాఠాలకు ఆవిడే గొంతు. ఆ గొంతు మరీ తియ్యగా ఉండేదని చెప్పను. వెనక బెంచీలో కూర్చుని కిటికీలోంచి బయటికి చూసే పిల్లవాడి చెవిలో కూడా పడాలని ఏళ్ల తరబడి సాన పెట్టుకున్న గొంతు అది. ఎంత కొరుకుడుపడని మాటైనా ఆవిడ నోట్లో పడితే మెత్తబడేది.

"ఏమ్మా, ఈ వాక్యం రాసేటప్పుడు నువ్వు ఊపిరి పీల్చుకున్నావా?" అని అడిగేవారు నన్ను.

"పీల్చుకున్నా టీచర్ గారూ."

"మరి నాక్కూడా ఎక్కడో ఒక చోటివ్వు తల్లీ."

నేను గొణుక్కుంటూ వాక్యాన్ని రెండు ముక్కలు చేసేదాన్ని. నిజం చెప్పాలంటే ముక్కలు చేశాకే బాగుండేది, కానీ ఆ సంగతి ఆవిడతో ఒప్పుకునేదాన్ని కాదు.

ఆ రికార్డింగ్ గది గురించి కొంచెం చెప్పాలి. గోడలకు మెత్తటి దళసరి పలకలు అతికించి ఉంటాయి. చదివేటప్పుడు ఏసీ ఆపేస్తాం, చప్పుడు పడుతుందని. మధ్యలో ఒక ఎత్తు స్టూలు, మైకు. అద్దానికి ఇవతల నేనూ, రికార్డింగ్ చూసే అన్నా కూర్చుంటాం. ఆయన బోరబండ నుంచి వస్తారు, నాకంటే పెద్దవారు, అందరితోనూ నెమ్మదిగా మాట్లాడే మనిషి. పక్క స్థలంలో కొత్త భవనం కోసం బండ కొడుతున్నారు. ఆ డ్రిల్లు మొదలైందంటే ఎన్ని పలకలు అతికించినా లాభం లేదు. అది ఆగినప్పుడు గబగబా చదివించుకోవాలి, మళ్లీ మొదలైతే నోరు మూసుకుని కూర్చోవాలి. నాకు తల ప్రాణం తోకకొచ్చేది.

ఆ ఏడు వానలు మొదలైనప్పటి నుంచి టీచర్ గారి మొదటి టేకు మరీ నీరసంగా రావడం మొదలైంది. తొలి వాక్యం గాలి పోయినట్టు ఉండేది. మాటల చివరలు మింగేసినట్టు వినిపించేవి కావు. రెండోసారి చదివితే కాస్త మెరుగు. మూడు నాలుగుసార్లు చదివాక పాత గొంతు మునుపటిలాగే వచ్చేసేది. మేము వాడుకునేది ఆ చివరివే కాబట్టి మాకు లోటేమీ కనిపించలేదు. నోరు ఎండిపోతోందని మాటిమాటికీ నీళ్లు తాగేవారు. గొంతుతో పని చేసేవాళ్లు నీళ్లు తాగడం వింతేమీ కాదు. స్టూలు మీంచి లేవడానికి రెండు చేతులూ ఆనించి తంటాలు పడేవారు. స్టూలు ఎత్తు అనుకున్నాం. మెట్ల దగ్గర రెయిలింగు పట్టుకుని ఆగిపోయేవారు. వయసు అనుకున్నాం. ప్రతిదానికీ మా దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉండేది, ప్రతి జవాబూ సబబుగానే ఉండేది.

పైగా మేమంతా ఆవిడను ప్రేమగా చూసుకునేవాళ్లం. గొంతు తగ్గిందనిపించగానే రికార్డింగ్ అన్న మైకులోంచి, "ఫికర్ జెయ్యకుండ్రి మేడం, జరసేపు రెస్ట్ తీస్కోండ్రి. మనకేం తొందర లేదు," అనేవారు. నేను వేడినీళ్లు తెచ్చేదాన్ని. ఆవిడ కళ్లు మూసుకుని కూర్చునేవారు. కాసేపయ్యాక మళ్లీ మొదలుపెడితే గొంతు ఇంకా అడుగంటి వచ్చేది. పాపం ఎంత అలిసిపోయారో అనుకుని ఇంకొంచెం విశ్రాంతి ఇచ్చేవాళ్లం.

ఆవిడ మాత్రం తనకు తానే ఒక ఉపాయం కనిపెట్టుకున్నారు. రికార్డింగ్‌కు ముందు కాఫీ మిషన్ పక్కన వరండాలో నిలబడి, గోడకు తగిలించిన మంటలార్పే సిలిండరు మీద రాసిన సూచనలు పైకి చదివేవారు. పిడికిళ్లు బిగించి విప్పుతూ, మళ్లీ బిగిస్తూ, "పిన్ను లాగండి, మంట అడుగున గురిపెట్టండి" అని గట్టిగా. కాఫీకి వచ్చినవాళ్లు చాటుగా నవ్వుకునేవారు. ఒకరిద్దరు ఫోన్లలో తీసుకోబోతే నేను అరిచాను. ఆవిడ మాత్రం ఏమీ అనలేదు. చదవడం ఆపితే వచ్చిన కాస్త గొంతూ పోతుందని ఆవిడ భయం, అది నాకు అప్పుడు తెలియదు.

డాక్టర్ల దగ్గరకు వెళ్లకపోలేదు. రక్తపరీక్షలన్నీ బాగున్నాయి. ఒకాయన చేతులు పట్టి, "నా చెయ్యి నెట్టండి" అన్నాడట. ఆవిడ మొదట నెట్టలేకపోయారు. "గట్టిగా నెట్టండి, ఇంకా గట్టిగా" అని ఆయన పట్టు వదలకపోతే, చివరికి బాగానే నెట్టారు. "చూశారా, బలం ఉంది, మీరే పెట్టట్లేదు" అని ఆయన తేల్చేశాడు. ఇంకొకరు మనసు కుదుటపడటానికని మాత్రలు రాసిచ్చారు. ఇంట్లో భర్త మంచి మనిషి, ఆవిణ్ణి కాలు కింద పెట్టనిచ్చేవారు కాదు. కూరలు ఆయనే తరిగేవారు, ఫోనూ ఆయనే ఎత్తేవారు. నేను ఆవిడ ఫోనుకు చేసినా ఆయన గొంతే వినిపించేది. "ఆవిడకు ఓపిక లేదండి, ఏదైనా ఉంటే నాకు చెప్పండి" అనేవారు.

ఇలా ఉండగా ఒకరోజు మేనేజరు నన్ను పిలిచాడు. ఈయనా చెడ్డవాడు కాదు. నాకంటే చిన్నవాడు, మంచి చొక్కాలు వేసుకుంటాడు, అందరి పుట్టినరోజులూ గుర్తుపెట్టుకుంటాడు.

"మేడమ్ హెల్త్ ఇంపార్టెంట్ కదా అండి. ఈ మాడ్యూల్ అయిపోగానే డీసెంట్‌గా ఫేర్‌వెల్ ఇచ్చేద్దాం. నెక్స్ట్ నుంచి కంప్యూటర్ వాయిస్ ట్రై చేద్దాం. మీరు క్లోజ్ కదా, మీరే సాఫ్ట్‌గా చెప్పండి," అన్నాడు.

నాకు కోపం ముంచుకొచ్చింది. అది ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఆయన అన్నదాంట్లో క్రూరమైన మాట ఒక్కటి కూడా లేదు. ఏదైనా ఉంటే పోట్లాడటానికి వీలుగా ఉండేది.

మర్నాడు భోజనాల వేళ ఆవిడ ఎదుట కూర్చున్నాను. డబ్బా మూత తీయడానికి ఆవిడ కష్టపడుతుంటే తీసిచ్చాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఆ మూతనే పట్టుకుని కూర్చున్నాను.

"చెప్పేయమ్మా, నీ మొహంలోనే ఉంది," అన్నారు.

చెప్పాను. ఆవిడ నా చేతిలోంచి మూత తీసుకుని డబ్బా పక్కన పెట్టారు.

"వాళ్లు వద్దంటే నేనేం చేస్తాను? కానీ ఇంట్లో కూర్చున్నానంటే ఇంక నేను కుర్చీలోంచి లేవనమ్మా. నాకు తెలుస్తోంది. మొదలుపెడితే వస్తోంది. మొదలుపెట్టడానికే చావొస్తోంది." తరవాత గొంతు ఇంకా తగ్గించి, "ఒక్కోసారి నాకే అనుమానం వస్తోంది, నేనే నాటకమాడుతున్నానేమోనని. లేని బలం కాసేపటికి ఎక్కణ్ణించి వస్తుంది చెప్పు?" అన్నారు.

పని పోవడం కంటే ఆ చివరి మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఒకరి మాట ఒకరు నమ్మకపోవడం ఉన్నదే. తన ఒళ్లు చెబుతున్నదాన్ని తనే నమ్మలేని స్థితికి మనిషిని తీసుకురావడం ఎంత అన్యాయం!

ఆవిడ చివరిగా చదవాల్సిన ఆ పాఠం మెదడులో నరాల కొసల గురించి. అందులో అసలు పాత్ర కాల్షియానిది. కాల్షియం అనగానే మా బొమ్మలవాళ్లు దాన్ని పాలలా తెల్లగా వేసిపెట్టారు. "కాల్షియం అంటే పాలే కదా మేడమ్" అని నాతో వాదన. వాళ్లనని ఏం లాభం, మా ఇంట్లోనూ అంతే. మోకాలు నొప్పి పెట్టినా, గోరు విరిగినా, జుట్టు ఊడినా కాల్షియం తక్కువైందనే అంటారు. ఎముకలకు కాక దానికి ఇంకో పని ఉందంటే నేనే ఈ పాఠం రాసేదాకా పట్టించుకోలేదు.

నరం అంటే కరెంటు తీగలాంటిదనీ, ఈ చివర నుంచి ఆ చివరకు సంకేతం సర్రున పోతుందనీ అనుకుంటాం. అది పోయేది కొస వరకే. అవతల ఉన్న కణానికీ ఈ కొసకూ నడుమ సన్నటి ఖాళీ ఉంటుంది. సంకేతం తనంత తాను దాన్ని దాటలేదు. కొస లోపల చిన్న చిన్న తిత్తులుంటాయి, వాటి నిండా ఒక రసాయనం. సంకేతం వచ్చి తాకగానే కొస గోడలో సన్నటి తలుపులు తెరుచుకుంటాయి. బయట ఉన్న కాల్షియం ఆ తలుపుల గుండా లోపలికి వస్తుంది. అది వచ్చాకే తిత్తులు గోడకు అంటుకుని విచ్చుకుంటాయి, రసాయనం ఖాళీలోకి పడుతుంది, అవతలి కణానికి కబురు అందుతుంది. కాల్షియం లోపలికి రాకపోతే సంకేతం గడపదాకా వచ్చి ఆగిపోయినట్టే. మెదడులో ఇదే పద్ధతి, కండరానికి ఆజ్ఞ చేరవేసే నరం కొసలోనూ ఇదే పద్ధతి.

మా పాఠాల్లో తప్పులు చూసి సరిదిద్దేది ఒక డాక్టరమ్మ, నరాల జబ్బులు చూస్తారు. ఊళ్లో ఒక పెద్ద ఆసుపత్రిలో పని. ఒకరోజు ఆ పాఠం చూడటానికి వీడియో కాల్‌లో వచ్చారు. గదిలో నేనూ, మేనేజరూ, టీచర్ గారూ ఉన్నాం. మాటలు ఎలా పలకాలో తేల్చుకోవడానికి ఆవిడనూ కూర్చోబెట్టుకున్నాం. డాక్టరమ్మ పాలపొడి చల్లినట్టున్న కాల్షియాన్ని చూసి నవ్వారు.

"రంగు మీ ఇష్టం. ఒక పాయింట్ మాత్రం మిస్సయింది," అన్నారు. "సిగ్నల్స్ వెంటవెంటనే వస్తే ఏమైతదో మీరు రాయలే. అది చాలా ముఖ్యం." ఏం రాయాలో విడమరిచి చెప్పారు.

నేను అక్కడికక్కడే నాలుగు వాక్యాలు రాసి టీచర్ గారి ముందు పెట్టాను, చదివితే పలకడానికి ఎలా ఉందో చూద్దామని. ఆవిడ మెల్లగా మొదలుపెట్టారు. ఆ తొలి వాక్యం నాకే సరిగ్గా వినపడలేదు.

"తొలి సంకేతానికి లోపలికి వచ్చే కాల్షియం కొంచెమే కావచ్చు. అప్పుడు విచ్చుకునే తిత్తులూ కొన్నే. వెంటనే మరో సంకేతం వస్తే, ముందు వచ్చిన కాల్షియం ఇంకా తొలగిపోకముందే కొత్తది వచ్చి చేరుతుంది. అందువల్ల రెండో స్పందన బలంగా ఉండవచ్చు. సంకేతాలు ఆగితే..."

ఆవిడ ఆగిపోయారు. కాగితం మీద ఉన్న చివరి ముక్క చదవలేదు. సంకేతాలు ఆగితే అంతా మళ్లీ మొదటికి వస్తుందని నేను రాసి ఉంచాను.

"ఇది నా సంగతేనమ్మా," అన్నారు నాతో.

మేనేజరు ఇబ్బందిపడ్డాడు. "మేడమ్, కాల్ అయ్యాక మాట్లాడుకుందాం" అనబోయాడు. తెర మీదినుంచి డాక్టరమ్మ చెయ్యి ఎత్తి, "ఆగుండ్రి, ఆమెను చెప్పనియ్యండి," అన్నారు.

టీచర్ గారు చెప్పారు. ముందు తడబడుతూ, పోనుపోను తేరుకుంటూ. చదవగా చదవగా గొంతు వస్తుందనీ, కూర్చుంటే పోతుందనీ, కాళ్లదీ అదే తంతనీ, మెట్లెక్కడం మొదలుపెట్టడమే కష్టమనీ. నోరు ఎండిపోతుందా అని డాక్టరమ్మ అడిగితే మా ముగ్గురి కళ్లూ బల్ల మీది నీళ్ల సీసా వైపు తిరిగాయి. అప్పుడు డాక్టరమ్మ ఆవిణ్ణి కాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చోమన్నారు. తరవాత ఒక వాక్యం చదివించారు. ఆ వెంటనే ఆపకుండా గట్టిగా అంకెలు లెక్కపెట్టమని, మళ్లీ అదే వాక్యం చదవమన్నారు. మేం రోజూ వింటున్నదే అది. కానీ పారేసే టేకునూ ఉంచుకునే టేకునూ పక్కపక్కన పెట్టి వినడం అదే మొదలు.

"ఇట్ల ఫోన్ల చూసి చెప్పేది కాదిది. రేపు దవాఖానకు రాండ్రి. వచ్చేముందు వరండాల తిరగకుండ్రి, ఊరికే కూసోండ్రి, అసలు బలం ఎంతుందో చూడాలె," అన్నారు డాక్టరమ్మ.

మర్నాడు నేనూ వెళ్లాను. టీచర్ గారి భర్త చేతిలో ఫైళ్లు, ఫ్లాస్కు, శాలువా, ఇంకా ఏమేమో ఉన్నాయి. డాక్టరమ్మ అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆయనే జవాబు చెప్పడం మొదలుపెట్టారు.

"పొద్దున్న లేచినప్పట్నించీ నీరసమేనండి. ఏదడిగినా చెప్పలేకపోతోందండి. నేనే..."

"సార్, మేడమ్‌ను చెప్పనియ్యండి. ఎంతసేపైనా సరే," అన్నారు డాక్టరమ్మ.

ఆవిడ పెదాలు కదిలాయి కానీ మాట రాలేదు. ఆయన చేతులు ఆత్రంగా ఫ్లాస్కు మూత తిప్పుతున్నాయి. ఆవిడ మాట మొదలయ్యేలోపు ఆయన రోజూ దాన్ని పూర్తి చేసేస్తున్నారని అప్పుడు నాకు అర్థమైంది. ఏ చెడ్డ ఉద్దేశమూ లేదు. ఆవిడ కష్టపడటం చూడలేక అలా చేసేవారు.

డాక్టరమ్మ చిన్న సుత్తితో ఆవిడ మోకాలి కింద తట్టారు. కాలు కదల్లేదు. మళ్లీ తట్టారు. కదల్లేదు. అప్పుడు తన చేతిని కాలికి అడ్డుపెట్టి, బలంకొద్దీ ముందుకు నెట్టమన్నారు. ఆవిడ పళ్లు బిగించి నెట్టారు. వెంటనే మరోసారి సుత్తితో తట్టారు. ఈసారి కాలు ఎగిరింది. దాన్ని చూసి ఆవిడే ఉలిక్కిపడ్డారు.

"మేడమ్, ఇది ఎవరూ యాక్ట్ చెయ్యలేరు. మోకాలు మన మాట వినదు," అన్నారు డాక్టరమ్మ. "మీరు అబద్ధం చెప్తలేరు."

టీచర్ గారు మొహం రెండు చేతుల్లో దాచుకుని ఏడ్చేశారు. అన్ని నెలల్లో ఆవిడ ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

చేతికి తీగలు అతికించి, చిన్నగా కరెంటు పెట్టి, కండరం ఎంత పలుకుతుందో చూసే పరీక్ష ఇంకొకటి చేశారు. ముందు తెర మీద చిన్న గీత లేచింది. పిడికిలి బిగించి పట్టుకోమని చెప్పి, వదలగానే మళ్లీ చూస్తే ఆ గీత ఎన్నో రెట్లు పొడుగ్గా లేచింది. రక్తంలో ఇంకో పరీక్షకు పంపి, అదీ వచ్చాక డాక్టరమ్మ విషయం చెప్పారు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పొరబడి, నరం కొసల్లో కాల్షియం వచ్చే తలుపుల మీద పడింది. కొన్ని తలుపులే మిగిలాయి. అందుకే తొలి ఆజ్ఞకు కాల్షియం చాలడం లేదు. వెంటవెంటనే ఆజ్ఞలు పంపితే అది కొంచెం కొంచెంగా పోగై పని జరుగుతోంది. ఆగితే పోగైందంతా ఖాళీ. వరండాలో సిలిండరు ముందు నిలబడి ఆవిడ చేసిన పని సరైనదేనని చెప్పారు.

"మెదడుకేం కాలే. మెదడు పంపాల్సింది పంపుతనే ఉంది. కొసకాడ అందిచ్చుడు తగ్గింది, అంతే."

టీచర్ గారి భర్త గొంతు సవరించుకున్నారు. "అయితే కాల్షియం మాత్రలు ఎక్కువ వేస్తే సరిపోతుందాండి?"

పాపం, నేనూ అదే అడగబోతున్నాను. రక్తంలో కాల్షియం ఉండాల్సినంత ఉందని, బయట ఎంత ఉన్నా తలుపుల్లేనిదే లోపలికి రాదని డాక్టరమ్మ ఓపికగా చెప్పారు. మిగిలిన తలుపులను కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంచే మందు ఒకటి ఉందనీ, దొరకడం తేలిక కాదు కానీ తెప్పించవచ్చనీ అన్నారు. తరవాత గొంతు తగ్గించి, ఈ జబ్బు కొందరికి ఊపిరితిత్తుల్లో గడ్డ ఉన్నప్పుడు వస్తుందనీ, అది లేదని స్కాన్‌లో చూసుకోవాలనీ చెప్పారు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆవిడ మాత్రం వెలిగిపోతూ కూర్చున్నారు. జబ్బు ఉందని విని అంతగా సంతోషపడిన మనిషిని నేనెన్నడూ చూడలేదు. నాకు భయమూ వేసింది, ఆవిణ్ణి గట్టిగా పట్టుకోవాలనీ అనిపించింది. పట్టుకున్నాను.

స్కాన్‌లో గడ్డ కనిపించలేదు. అయినా కొన్నాళ్లకోసారి చూస్తూ ఉండాలన్నారు. మందు వచ్చింది. అది జబ్బును తీసేసే మందు కాదు, వేసుకున్నాక కొన్ని గంటలు పని చేస్తుంది. కొన్నిరోజులు బాగుంటుంది, కొన్నిరోజులు అంతంతమాత్రం. మెట్లు మాత్రం ఆవిడ ఆగకుండా ఎక్కడం మొదలుపెట్టారు.

నేను ఈ కథంతా రికార్డింగ్ అన్నకు చెబితే ఆయన తల పట్టుకున్నారు.

"అంటే నేను రెస్ట్ తీస్కోండ్రి అన్నప్పుడల్ల మేడంను మళ్ల మొదటికే తెచ్చిన్నా? ఏందమ్మా ఇది, మంచిగ చూస్కుంటున్నమనుకున్న," అన్నారు. ఆయన పరేషాన్ చూసి నేనే సముదాయించాల్సి వచ్చింది. అప్పటి నుంచి డ్రిల్లు మొదలై పని ఆగితే, ఆయనే మైకులో ఆవిడతో కబుర్లకు దిగి, మనవల గురించీ కూరల గురించీ అడుగుతూ నోరు ఆడిస్తున్నారు.

ఇక మిగిలింది ఉద్యోగం సంగతి. నరాల కొసల పాఠం చదవడం పూర్తయిన రోజు మేనేజరు ఆవిణ్ణి గదిలోకి పిలిచాడు. ఆ వేళ భర్త కూడా తోడు వచ్చారు. నన్నూ కూర్చోమన్నాడు. ఫేర్‌వెల్ మాట ఎత్తలేదు కానీ, మేనేజరు మనసులో అదే ఉందని నాకు తెలుసు.

"మేడమ్, మీ సిట్యుయేషన్ మాకు తెలుసు. ఈ టైములో మిమ్మల్ని స్ట్రెయిన్ చేయడం మాకు ఇష్టం లేదు. మిగిలిన మాడ్యూల్స్ కంప్యూటర్ వాయిస్‌తో చేసేద్దామా, మీరు కంటిన్యూ చేస్తారా?" అని అడిగి, అలవాటుగా ఆవిడ భర్త వైపు తిరిగాడు. "సార్, మీరేమంటారు?"

నేనూ ఆయన వైపే చూశాను. అందరం ఆయన వైపే చూశాం. ఆయన నోరు తెరిచారు. తెరిచిన నోరు అలాగే మూసేసుకుని, భార్య వైపు తిరిగారు.

మందు పనిచేసే వేళ దాటిపోతోందేమో, ఆవిడ పెదాలు కదిలాయి, మాట రాలేదు. మేనేజరు కుర్చీలో ఇటు నుంచి అటు సర్దుకున్నాడు. ఆవిడ ఏమంటారో నాకు తెలుసు. ఆవిడ బదులు నేనే అనేద్దామన్నంత తొందర వచ్చింది. నాలుక కరుచుకుని కూర్చున్నాను. భర్త ఆవిడ మొహం మీదినుంచి కళ్లు తిప్పలేదు.

"నేను," అన్నారు ఆవిడ. ఆ మాట పక్కన కూర్చున్న నాకే అంతంతమాత్రంగా వినిపించింది. ఆగారు. "నేను మానను," అన్నారు. మళ్లీ ఆగారు. మూడోసారి వచ్చిన గొంతు ఆ గదిలో ఎవరికైనా వినపడే గొంతు. "పాఠాలన్నీ నేనే చదువుతాను. మందు పనిచేసే వేళకు నా పని పెట్టండి. మధ్యలో నాకు విశ్రాంతి మాత్రం ఇవ్వకండి."

ఆ మాట పూర్తయ్యేదాకా ఆయన కదల్లేదు. పూర్తయ్యాక ఒక్క క్షణం చూసి, ఆవిడ ఇంకేమీ చెప్పబోవడం లేదని నిశ్చయం చేసుకున్నారు. అప్పుడు మేనేజరు వైపు తిరిగి, "విన్నారు కదండీ," అన్నారు.